బండయు, త్రాడును

మా బసంత్‌నగరమునకు సమీపముననే గోదావరిఖని బొగ్గుగనులు గలవు. భూగర్భమున పనివారు అడుగిడకమునుపే సర్దారు కర్రతో పైకప్పును తట్టి, శబ్దమును వినును. ఖంగుమన్నచో గట్టిది, బోలుగా మ్రోగినచో అపాయము. మా అన్న అట్టి సర్దారు. తట్టి చూచిన కప్పే యొకనాడు కూలి, ఆయనను గొనిపోయెను. దేవుడు ఆశ్రయశైలమను మాట అటుపిమ్మట నా నాలుకపై నుండెనే గాని, నా మనోభారమును దానిపై మోపజాలనైతిని.

కొన్నాళ్లకు శిలారోహణము నేర్చుటకై భువనగిరికి వెళ్లితిని. అచ్చట కోట నిలిచిన ఏకశిల 500 అడుగులకు మించిన యెత్తు గలది. 2014 మే 25వ తేదీన ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అభ్యాసము చేసినదియు ఆ బండమీదనే.

"పట్టు దొరికినంతనే నమ్మవలదు, తట్టి, శబ్దము విని, పిమ్మట బరువు మోపుము" అని గురువుగారు బోధించిరి. అది మా అన్న యెరిగిన విద్యయే! సగము దూర మెక్కితిని. తట్టి చూచిన అంచే పాదము క్రింద విరిగెను. జానెడు జారితినో లేదో, క్రింద నిలిచినవాడు త్రాడు బిగించెను. అతని ముఖము నాకు కానరాలేదు. అతని పట్టు మాత్రము నా నడుమునకు తెలిసెను.

పట్టు విరిగినను, పట్టుకొన్నవాడు విడువడను నమ్మికయే విశ్వాసము. మా అన్నకును కప్పు కూలెను గాని, ఆయన విడువబడలేదని నేడు నమ్ముచున్నాను.

ప్రియ విద్యార్థులారా, పరీక్షింపక నమ్మకుడు. పరీక్షించిన పిదప బరువు మోపుటకు వెనుదీయకుడు.