శుక్తిరజత న్యాయం – ఒక పాత కారు పరీక్ష

వసిష్ఠ గోదావరి సాగరంలో లీనమయ్యే అంతర్వేది తీరంలో, సూర్యోదయవేళ ఇసుకపై పడివున్న చిప్పలు దూరానికి వెండిముక్కల వలె మెరుస్తాయి. వేదాంతులు భ్రమకు చెప్పే ప్రసిద్ధ దృష్టాంతమైన శుక్తిరజతం ఇక్కడ ప్రత్యక్షానుభవమే. చిప్పను వెండిగా భాసింపజేసేవి రెండు: బయటి తళుకు ఒకటి, చూచేవాని అంతరంగంలోని రజతాభిలాష మరొకటి. వెండిపై ఆశ లేనివానికి ఆ భ్రాంతి అంత సులభంగా కలుగదు.

సఖినేటిపల్లి ప్రాంతపు యువకుడొకడు కువైట్‌లో కొన్నేళ్లు శ్రమించి కొంత ధనం కూడబెట్టి స్వగ్రామానికి తిరిగివచ్చాడు. అక్కడి రహదారులపై చూచిన స్పోర్ట్స్ కార్ల మీద అతనికి మక్కువ. ఒక నగరంలో అటువంటి పాత కారు నమ్మశక్యం కానంత చవకగా దొరుకుతున్నదని తెలిసి, యాభై వేలు బయానా ఇచ్చాడు. అంతర్వేది సన్నిధిలో వాహనపూజకు ముహూర్తం కూడా నిశ్చయించుకొన్నాడు. పరీక్ష మాత్రం జరుగలేదు.

ఇచ్చట విచారించవలసినది ప్రమాణ విషయం. జ్ఞానం బాధకం కనబడేవరకు స్వతః ప్రమాణమని మీమాంసకులు, దాని ప్రామాణ్యం వేరొక హేతువుచేత తేలవలసినదని నైయాయికులు అంటారు. వేదవిషయంలో మీమాంసక మతం ఎంత శ్రేష్ఠమైనదైనా, పాత వాహనం కొనేవాడు నైయాయికుడు కాక తప్పదు. అట్లని చవకదనమే మోసానికి హేతువు కాజాలదు; అది వ్యభిచరించే హేతువు. విడిభాగాలు దొరకకపోవడం, బీమా భారం, నేలను తాకేటంత పల్లపు అడుగుభాగం కోనసీమ రోడ్లకు పనికిరాకపోవడం వంటి కారణాల వలన నిజమైన కారు కూడా చవక కావచ్చును. కనుక చవకదనం కలిగించేది నిర్ణయాన్ని కాదు, సంశయాన్ని. న్యాయశాస్త్రం చెప్పిన పదహారు పదార్థాలలో సంశయం మూడవది. అది లోపం కాదు; పరీక్షకు ద్వారం.

శబ్దప్రమాణానికి ఆప్తుడు కావలెను. ఉన్నదానిని ఉన్నట్లు ఎరిగినవాడు, ఎరిగినదానిని చెప్పగోరేవాడు ఆప్తుడు. అమ్మేవానికి జ్ఞానమున్నది, చెప్పే ఇచ్ఛ లేదు. మిత్రులకు ఇచ్ఛ ఉన్నది, జ్ఞానం లేదు. రెండూ గలవాడు ఆ యువకుని మేనమామ. రాజోలులో ముప్పై ఏళ్లుగా లారీలు బాగుచేస్తున్న మెకానిక్.

ఆయన కారు కంటే ముందు ఆర్‌సీ చూచాడు. అందులో తయారీదారు పేరు, ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్యలతోపాటు సిలిండర్లు ఎన్ని, ఘనపరిమాణమెంత, ముందు వెనుక చక్రాల నడుమ దూరమెంత అన్నవి కూడా ఉంటాయి. అమ్మేవాడు ఆరు సిలిండర్లన్నాడు; కాగితం నాలుగన్నది. తయారీదారు పేరు సామాన్య కుటుంబాలు వాడే కారుది. తరువాత ఛాసిస్‌పై చెక్కిన 17 అక్షరాంకాలను కాగితంతో సరిపోల్చాడు. ఒకటి, సున్నాలతో తికమక కలుగకుండా ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలను ఆ సంఖ్యలో వాడరు. అవి కనబడితే అది దొంగ చెక్కుడే. ఇక్కడ సంఖ్య సరిగానే ఉన్నది. సీటుబెల్టును చివరివరకు లాగి బురదనీటి మరక కోసం, సీట్ల క్రింది పట్టాలపై తుప్పు కోసం వెదికాడు. అవీ లేవు. దేహంపై అయస్కాంతం మాత్రం ఎక్కడా అంటలేదు. ఉక్కు రేకులు తీసివేసి, సామాన్యమైన కారుకు ఫైబర్ కవచం తొడిగారు.

"ఒరే అల్లుడూ, సింహం తల తగిలించుకున్నవాడల్లా నరసింహస్వామి అవుతాడట్రా?" అన్నాడాయన.

అసలు వేదన ఆ తరువాతిది. మరొకరిని తీసుకువచ్చి ఈ కారు కొనిపిస్తే బయానా తిరిగి ఇస్తానన్నాడు అమ్మేవాడు. మిత్రులు కూడా అదే మేలన్నారు. యాభై వేలు గల్ఫులో ఎండకు కరిగించిన చెమట. యువకుడు రెండు రోజులు నిద్రపోలేదు. చివరకు బయానా వదులుకొన్నాడు.

అంతర్వేది స్థలపురాణంలో రక్తవిలోచనుని వృత్తాంతమున్నది. వాని రక్తం ఎన్ని ఇసుకరేణువులను తడిపితే అందరు రక్తవిలోచనులు పుట్టేవారట. అసత్య వస్తువు స్వభావం కూడా ఇదే. మోసపోయినవాడు నష్టం పూడ్చుకోవడానికి దానిని దాచి అమ్ముతాడు; కొన్నవాడు మరల అమ్ముతాడు. ఒక్క వస్తువు, చేతులు మారినప్పుడల్లా ఒక్కొక్క వంచకుని పుట్టిస్తుంది. మాయాశక్తి ఆ రక్తాన్ని ఇసుకపై పడనీయక నిలిపిన తరువాతనే స్వామి చేత అసురుడు హతుడయ్యాడు. నష్టాన్ని తనతో నిలుపుకొన్నవాడు చేసిన పని అటువంటిదే.

అయితే అనుకృతి అంతా అసత్యమేనా? ఇదే క్షేత్రంలో 2020 సెప్టెంబరులో స్వామివారి రథం అగ్నికి ఆహుతి అయినది. నూతన రథం 2021 ఫిబ్రవరిలో రథసప్తమి నాటికి సిద్ధమైనది. పాత రథపు చెక్క లేకున్నా భక్తులు దానిని స్వామి రథమనే కొలుస్తున్నారు; అది నూతనమని లోకమంతా ఎరుగును. తాను పాతదానినని అది ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ కారులో ఇంజను, ఛాసిస్ రెండూ అసలైనవే, అయినా అది అసత్యం. ద్రవ్యం పాతదా కొత్తదా అన్నది కాదు, వస్తువుకు దానిని గురించి పలికిన వాక్కుకు పొత్తు ఉన్నదా అన్నదే సత్యాసత్య వివేకం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటితో విభేదించేటట్లు వాహనాన్ని మార్చరాదంటుంది. వాక్కు, అర్థం కలిసి ఉండవలెనన్న ధర్మమే అక్కడ లౌకిక భాషలో పలికినది.

వాహనపూజలో పసుపు కుంకుమలు అలంకరించి, చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టి సంకల్పం చెప్పిస్తారు. ఆ సంకల్పం యజమాని క్షేమం కొరకు; ఛాసిస్ సంఖ్యకు సాక్ష్యం కాదు. పరీక్షించవలసినదానిని పరీక్షించి, ఆ తరువాత దైవాన్ని ఆశ్రయించడం శ్రద్ధ. పరీక్షకు బదులుగా దైవాన్ని నిలబెట్టడం శ్రద్ధ కాదు, బద్ధకం.

స్వస్తి.