గిద్దెడు బియ్యం మిగిలింది

మొన్న ఆదివారం మా మనవరాలు లెక్కల పుస్తకం ముందేసుకుని కూచుంది. ఒకటీ ముప్పావుని అరతో భాగించాలట. అర కాస్తా తిరగేసి, గుణించేసి, మూడున్నర అని రాసి కింద గీత కూడా కొట్టేసింది. జవాబు సరైనదే. కానీ నా నోరు ఊరుకోదు కదా! "భాగిస్తే తగ్గాలి గానీ, ఇది పెరిగిందేమే?" అన్నాను. పెన్ను మూత కొరుకుతూ కాసేపు ఆలోచించి, "తిరగేశాం కదా అమ్మమ్మా, అందుకని" అంది.

నవ్వకండి. నేనూ అలా తిరగేసే పాసయ్యాను. ఎందుకు తిరగెయ్యాలండీ అని అడిగే ధైర్యం మా తరగతిలో ఎవరికీ ఉండేది కాదు.

పెద్దవాళ్ళ సంగతీ చూడండి. లిపింగ్ మా అనే ఆవిడ 1999లో వేసిన పుస్తకంలో సరిగ్గా ఇదే లెక్క ఉంది. చైనాలో 72 మంది టీచర్లకిస్తే అందరూ చేశారు. అమెరికాలో 23 మందికిస్తే చివరిదాకా సరిగ్గా చేసినవాళ్ళు 9 మందే. అది పోనివ్వండి, ఈ లెక్కకి సరిపోయే చిన్న కథ చెప్పమంటే అక్కడ కొందరు ఉన్నదాన్ని ఇద్దరికి సమానంగా పంచేశారట! ఇద్దరికి పంచితే రెండుతో భాగించినట్టు. అరతో ఎలా అవుతుంది?

మా అటక మీద అత్తగారి సోల, అరసోల, గిద్ద ఇంకా ఉన్నాయి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఆవిడ బడి మొహం ఎరగదు గానీ భిన్నాలన్నీ ఆవిడ చేతిలోనే ఉండేవి. వాటిని దింపి, సోలెడు బియ్యం, పైన మూడు గిద్దలు గిన్నెలో పోశాను. "అరసోలతో తియ్యి, ఎన్నిసార్లొస్తుందో చూద్దాం" అన్నాను. అంచుదాకా నింపి, అరచేత్తో చదును చేసి, మూడుసార్లు తీసింది. నాలుగోసారి సగానికే వచ్చింది. "ఓహో, చిన్నదాంతో తీస్తే ఎక్కువసార్లు తియ్యాలి!" అని తనే అనుకుంది.

అలాగని నేను ఎక్కాలకి శత్రువుని కాను. ఏడెనిమిదులు యాభయ్యారని నోటికి రాకపోతే కూరల బండి దగ్గర వేళ్ళు మడుస్తూ నిలబడాలి. మా పిల్లకి వచ్చు. కాకపోతే ఏడొకట్ల ఏడు దగ్గర బయల్దేరి, పాసింజరు బండిలా ప్రతి స్టేషన్లోనూ ఆగుతూ రావాలి. ఏడేళ్ళు నలభైతొమ్మిదికి ఇంకో ఏడు కలిపితే పోతుందంటే, అదేదో దొంగ లెక్కన్నట్టు చూస్తుంది.

సరే, బియ్యం దగ్గరికొద్దాం. అంతా అయిందనుకుని నేను లేవబోతుంటే పట్టుకుంది. "మిగిలింది గిద్దెడు. గిద్దంటే పావు కదా. మరి మూడుంబావు రావాలి, మూడున్నరెలా వచ్చింది?"

నిజం చెప్పొద్దూ, నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. అరవయ్యేళ్ళొచ్చాయి, ఈ అనుమానం నాకెప్పుడూ రాలేదు. నేను తడుముకుంటుండగానే ఆ గిద్దెడూ మళ్ళీ అరసోలలో పోసి, వంగి లోపలికి చూసింది. "సోలకైతే పావు, అరసోలకైతే సగం" అని గొణుక్కుంది. తర్వాత పుస్తకం అక్కడే పడేసి, మానిక కూడా దింపమంది. సాయంత్రం వంటింట్లో కాలు పెడితే బియ్యపు గింజలు గుచ్చుకున్నాయి.