ఆటల కంప్యూటరే, అలాగే చెప్పుకున్నాం



"పాస్టరుగారింటికి పెద్ద కంప్యూటర్ వచ్చిందట, ఎందుకట?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. కొందరు మమ్మల్నే అడిగారు, కొందరు పక్కవాళ్లను అడిగారు. అడగడంలో తప్పు లేదు. సేవకుని ఇంటి ఖర్చు సంఘానికి తెలియాల్సిందే. అందుకే ముందే చెప్పేస్తున్నాం. అది ఆటల కంప్యూటర్. 2024 వేసవిలో మా పెద్దబ్బాయి విడి భాగాలు కొనుక్కొచ్చి ఇంట్లోనే బిగించుకున్నాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. చేతిలో ఉన్నది 70,000. అందులో 32,000 రెండు వేసవుల్లో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసి వాడు దాచుకున్నది. 18,000 వాళ్ల నాయనమ్మ మేకపిల్లలు అమ్మి ఇచ్చింది. మిగతా 20,000 పాస్టరమ్మగారు కుట్టుమిషను మీద సంపాదించి కట్టిన చీటీ డబ్బు. కానుకల డబ్బు ఒక్క రూపాయి కూడా కలవలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన పిల్లల్లో కూడా ఇలాంటిది కట్టుకోవాలని చూస్తున్నవాళ్లు ఉన్నారు. ఏ పార్టు కొనాలి అని వాళ్లు మా వాణ్ని ఫోనులో అడుగుతుంటే వింటున్నాం. మేము నేర్చుకున్నదాన్ని బట్టి, ఆ ప్రశ్న రెండోది. మొదటి ప్రశ్న, దేనికి?

మా వాడు బీటెక్ రెండో సంవత్సరం. మొదట వచ్చి "నాన్నా, చదువుకు మంచి కంప్యూటర్ కావాలి" అన్నాడు. ఏమేం కావాలో రాసుకొని రమ్మన్నాం. రాసుకొచ్చాడు. చీటీలో ఒక్క గ్రాఫిక్స్ కార్డే ఇరవై వేల పైన ఉంది. పాస్టరమ్మగారు ఆ చీటీ తీసుకొని, "ఇది ఏ సబ్జెక్టుకు నాన్నా?" అని మెల్లగా అడిగారు. వాడు కాసేపు తలవంచుకొని, "ఆటలకమ్మా" అన్నాడు. ఎవరం ఏమీ అనలేదు. "అయితే ఆటలకే అని పైన రాయి, మళ్లీ లెక్క వేద్దాం" అన్నారు ఆమె. ఆ రోజు నుంచే పార్టుల ఎంపిక దారిలో పడింది.

ఎందుకంటారా? చదువుకే అయితే గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్లో గ్రాఫిక్స్ కలిసే ఉంటుంది. 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ పెడితే ప్రోగ్రామింగ్‌కూ ప్రాజెక్టులకూ చాలు. సగం డబ్బు మిగిలేది.

ఈ సంగతి తెలిసిన సంఘ పెద్ద ఒకరు ప్రేమతోనే ఒక సలహా ఇచ్చారు. "అయ్యగారూ, పాటల రికార్డింగుకు, వాక్యం వీడియోలకు అని చెప్పండి. ఎవరూ ఏమీ అనరు." ఆయన మనసు మాకు తెలుసు, మమ్మల్ని మాట పడనివ్వకూడదని చెప్పారు. కానీ ఆలోచించండి. నిజంగా వీడియోల కోసమే అయితే రంగులు సరిగ్గా చూపించే మానిటర్, పెద్ద డిస్కు, ఎక్కువ ర్యామ్, మంచి మైకు తీసుకోవాలి. ఆటల కోసం అయితే చకచకా కదిలే మానిటర్, గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఒకదాని పేరు చెప్పి ఇంకోదాన్ని కొంటే పేరూ అబద్ధమే, పార్టులూ తప్పే. పైగా ఆ పిల్లవాడు తన ఆటను సేవ పేరు చాటున దాచుకోవడం నేర్చుకుంటాడు. ఆ పాఠం మేము నేర్పదలచుకోలేదు.

గోపురం కట్టేవాడు ముందు కూర్చొని లెక్క చూసుకోవాలన్న సంగతి మనందరం ఎరిగినదే. మేమూ అలాగే కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాం.

మొదట తేల్చాల్సింది మానిటర్. చాలామంది దాన్ని చివరికి వదిలేస్తారు. తెర మీద ఎన్ని చుక్కలు నింపాలో అదే నిర్ణయిస్తుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద 1920 అడ్డంగా, 1080 నిలువుగా, అంటే దాదాపు 20.7 లక్షల చుక్కలు. 1440 తెర మీద దాదాపు 36.9 లక్షలు. 4కే తెర మీద దాదాపు 83 లక్షలు, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగింతలు. వీటిని సెకనుకు అరవై సార్లో, వంద సార్లో కొత్తగా గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డు. తెర పెరిగితే కార్డు ఖర్చూ పెరుగుతుంది. మా డబ్బుకు ఫుల్ హెచ్‌డీ అని తేల్చుకున్నాం. 24 అంగుళాలు, 144 హెర్ట్‌జ్, ధర 9,500.

దాన్ని బట్టి గ్రాఫిక్స్ కార్డు. ఆర్‌ఎక్స్ 6600 తీసుకున్నాం, 20,500. ఇది 2021లో వచ్చింది, 8 జీబీ మెమరీ ఉంది, ఫుల్ హెచ్‌డీ ఆటల కోసమే చేసిన కార్డు. ఇంకొంత పెడితే ఆర్‌టీఎక్స్ 4060 వస్తుందని వాడి మనసు రెండు రోజులు పీకింది. ఆ 'ఇంకొంత' ఎక్కడి నుంచి తేవాలి? కాగితం మీద చూస్తే పవర్ సప్లై, యూపీఎస్ కొట్టేస్తేనే కుదురుతుంది. వద్దనుకున్నాడు. వద్దనుకున్నది వాడే.

ప్రాసెసర్ రైజెన్ 5 5600. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. చల్లబరిచే ఫ్యాను డబ్బాలోనే వస్తుంది. ధర 11,500. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దగ్గరి పట్టణంలో ఒక దుకాణంవారు "ఐ7 గేమింగ్ పీసీ" అని రంగురంగుల లైట్ల పెట్టె చూపించారు. మా వాడు లోపల ఏముందని అడిగితే మూడో తరం ఐ7. అది 2012 నాటిది. 2022లో వచ్చిన ఐ3 12100కు కూడా అన్నే కోర్లు, అన్నే థ్రెడ్లు, వేగం మాత్రం చాలా ఎక్కువ. ఐ7, ఐ5 అనే పేరు చూసి మోసపోకండి, దాని తర్వాతి అంకెలు చదవండి.

మదర్‌బోర్డు బీ550, 8,500. ఏఎం4 సాకెట్ కాబట్టి ఆ ప్రాసెసర్ సరిపోతుంది, డీడీఆర్4 ర్యామ్ పడుతుంది. ఏఎం5 బోర్డులు కొత్తవి, ముందు ముందు మార్చుకోవడానికి మంచివే. కానీ వాటికి డీడీఆర్5 ర్యామే కావాలి, బోర్డు ఖర్చూ ఎక్కువ. బోర్డు కొనేటప్పుడు "5000 సిరీస్‌కు బయాస్ సిద్ధంగా ఉందా?" అని తప్పక అడగండి. పాత బయాస్ ఉంటే అన్నీ సరిగ్గా బిగించినా తెర వెలగదు.

ర్యామ్ 16 జీబీ, 3,500. ఒకటే 16 కాకుండా రెండు 8లు తీసుకున్నాం. రెండు కలిస్తే ప్రాసెసర్‌కు మెమరీతో రెండు దారులు దొరుకుతాయి. ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది.

ఇక పవర్ సప్లై. మా ఇంట్లో ఎక్కువ మాట నడిచింది దీని మీదే. బయటికి కనిపించదు, ఆటలో ఒక్క బొమ్మను కూడా అందంగా చేయదు. అందుకే డబ్బు తగ్గించాలంటే అందరి చెయ్యీ దీని మీదికే పోతుంది. కానీ అన్ని పార్టులకూ కరెంటు అందేది దీని గుండానే. చౌకది పాడైతే తానొక్కటే పోదు, పక్కవాటినీ తీసుకుపోవచ్చు. లెక్క వేసి చూశాం. గ్రాఫిక్స్ కార్డుకు 132 వాట్లు, ప్రాసెసర్‌కు 65గా రాసి ఉంది, మిగతావన్నీ కలిపినా 300 దాటదు. 550 వాట్లది తీసుకున్నాం, రేపు పెద్ద కార్డు పెట్టుకున్నా సరిపోతుందని. 80 ప్లస్ గుర్తు ఉన్నది, ఐదేళ్ల వారంటీ ఉన్నది, 4,500. ఆ గుర్తుకు అర్థం, గోడ నుంచి వంద వాట్లు లాగితే కనీసం ఎనభై లోపలి పార్టులకు చేరతాయి, మిగతావే వేడిగా పోతాయి అని. అది పొదుపు గురించి చెబుతుంది గాని రక్షణ గురించి కాదు. అందుకే వారంటీ కూడా చూడాలి.

మన ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. బోరు మోటార్లు ఒక్కసారిగా వేస్తే వోల్టేజీ ఎలా పడిపోతుందో మీకు చెప్పనక్కర్లేదు, ఆరాధన మధ్యలో మైకు మూగబోయిన రోజులు మనకు గుర్తే. అందుకే 1 కేవీఏ యూపీఎస్, 5,500. దీనికోసం వాడు 1 టీబీ డిస్కు వదులుకొని 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తీసుకున్నాడు, 3,300. కంప్యూటర్లో అది 465 అనే కనిపిస్తుంది. ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల ఆట ఒక్కటే 110 జీబీ అడుగుతుంది. ఇరుకే. కానీ బోర్డు మీద ఇంకో డిస్కుకు చోటు ఖాళీగా ఉంది. ఇక్కడ మాకు దొరికిన సూత్రం ఇది. తర్వాత కలుపుకోగలిగినదాన్ని ఇప్పుడు తగ్గించుకోవచ్చు. మిగతావాటిని కాపాడేదాన్ని మాత్రం తగ్గించకూడదు.

గాలి బాగా ఆడే సాదా క్యాబినెట్ 3,000. కీబోర్డు, మౌస్ ఇంట్లో పాతవే. మొత్తం 69,800. పార్టులు కొన్నది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో, అందరూ సీటీసీ అంటారు. ప్రతిదానికీ 18 శాతం జీఎస్టీతో సహా బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాం. బిల్లు లేకుంటే కొంత తగ్గుతుందనే మాట ఏ బజారులోనైనా వినిపిస్తుంది. రేపు వారంటీ అడగాల్సి వస్తే చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.

అన్నీ అయ్యాక అసలు కష్టమైన నిర్ణయం వచ్చింది, విండోస్. లైసెన్సు కొనడానికి డబ్బు మిగల్లేదు. తెలిసిన కుర్రాడొకడు "ఊరికే వేసిస్తాను, అందరూ చేసేదే" అన్నాడు. ఊరికే అంటే క్రాక్ చేసింది. మా వాడు మా ముఖం చూశాడు. మేము వద్దనే ముందే, "లినక్స్ వేస్తాను నాన్నా" అన్నాడు. లినక్స్ ఉచితం. స్టీమ్ వారు 2018లో తెచ్చిన ప్రోటాన్ ద్వారా విండోస్ ఆటలు చాలావరకు దాని మీద నడుస్తాయి. ఏఎండీ గ్రాఫిక్స్‌కు డ్రైవరు లినక్స్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి, మేము కొన్న కార్డు అక్కడ కూడా అక్కరకొచ్చింది.

కానీ ఊరికే ఏమీ రాలేదు, ప్రియులారా. వాడి స్నేహితులందరూ రాత్రుళ్లు కలిసి ఆడేది వాలరెంట్. దాని మోసనిరోధక సాఫ్ట్‌వేర్ లినక్స్‌ను ఒప్పుకోదు. ఆ ఆటను తలుచుకొనే వాడు రెండేళ్లు డబ్బు దాచాడు. మూడు రోజులు ఇంట్లో ఎక్కువ మాట్లాడలేదు. మేము ప్రసంగం చేయలేదు. నాలుగో రోజు తానే, "వచ్చే సెలవుల్లో పనిచేసి లైసెన్సు కొంటాను" అన్నాడు. అప్పటిదాకా మెక్సికో రోడ్ల మీద కార్లు నడుపుతున్నాడు. వాళ్ల నాయనమ్మ పక్కన స్టూలు వేసుకొని కూర్చొని, "నెమ్మదిరా, గుద్దుతావు" అంటుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లలు ఆటను చదువు అని ఎందుకు చెబుతారు? ఆట అంటే మనం వినమని వాళ్లకు తెలుసు కాబట్టి. నిజం చెప్పినందుకు దెబ్బ పడుతుందంటే అబద్ధం చౌకగా కనిపిస్తుంది. మీ పిల్లవాడు వచ్చి ఏదైనా అడిగితే దేనికి అని అడగండి. నిజం చెబితే, ఇవ్వగలిగినా ఇవ్వలేకపోయినా, చెప్పినందుకు మాత్రం కోప్పడకండి. కాగితం తెచ్చుకొని పక్కన కూర్చోండి. డబ్బు ఎంతుందో వాడికి చూపించండి. వద్దనాల్సింది చాలావరకు వాడే వద్దంటాడు.

పార్టుల గురించి సందేహాలుంటే ఆదివారం ఆరాధన తర్వాత మా వాణ్ని అడగండి. సంతోషంగా చెబుతాడు. కాస్త ఎక్కువే చెబుతాడు, ఓపిక పట్టండి.