పిస్టన్ మీద గీతలు

మా నాయిన రంపెకు సాన పట్టేటోడు. మా అన్న చెట్లు కోసే మిషను చైనుకు ఆకురాయితో పదును పెడతడు. రంపె మాది. మిషను పటేలుది.

పదును పోయిన సంగతి పొట్టే చెప్తది. పదునుంటే పెళ్లలు రాలతయి, మొద్దుబారితే పిండి రాలతది. అన్న గుండ్రటి ఆకురాయిని పంటి లోపలి నుంచి బయటికే తోస్తడు. ప్రతి పంటికీ అన్నే తోపులు. ఒక పక్క పళ్లు అరిగి పొట్టివైతే కోత వంకర పోతది. దినాం ఫిల్టరు దులుపుతడు, బారు గాడిలోని పొట్టు గీకుతడు.

ఆ ఇంజనుకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు కలపాలె. ఒకనాడు పటేలు ఉత్త పెట్రోలు పోయించిండు. వద్దని అన్న మొత్తుకున్నడు.

"మాదిగోనివి, నాకు ఇంజను నేర్పుతవా?"

కొడుకుతో నడిపించిండు. పిస్టన్ పట్టేసింది. ఖర్చు మాత్రం అన్న కూలిలో కోసిండు.

మన పనితనం గురించి రాస్తే చెప్పు, డప్పు దగ్గరే ఆగుతున్నం. ఈ ఆకురాయి లెక్క కూడా రాయాలె. ఆయిలు లేక ఇంజను ఎట్ల చచ్చిందో పిస్టన్ మీది గీతలు చూసి చెప్పగలిగినోడు ఊళ్లె అన్న ఒక్కడే. పంచాయితీల ఆయన్ని ఎవరూ అడగలేదు.