బుజ్జికి జ్వరమొచ్చింది

జనవరి 5, 2025, ఆదివారం
సంక్రాంతి కొలువు కోసం అటక మీది పెట్టె దింపించాను. పాత పేపర్లలోంచి ఒక్కో బొమ్మా తీస్తుంటే మనవడు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. మూడున్నరేళ్ళవాడు. కొండపల్లి గీతకార్మికుడు చెయ్యి తగలగానే తాటిచెట్టు మీంచి ఊడొచ్చాడు. తెల్ల పొణికి కర్ర బెండులా తేలిక. అతుకులకి చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కు పెడతారు. మా అమ్మ కొన్న బొమ్మ, అతుకు ఇన్నాళ్ళు నిలవడమే గొప్ప. "ముట్టుకోకు, విరుగుతుంది" అని పదిసార్లు అని ఉంటాను. ముట్టుకోకూడని బొమ్మల్ని పిల్లాడి ముందు పరవడం నా తెలివితక్కువే. రాత్రి పాత నేతచీర కొంగు చింపి, దూది కూరి ఓ గుడ్డబొమ్మ కుట్టాను. కళ్ళకి రెండు చొక్కా గుండీలు.

జనవరి 7
బొమ్మ పేరు బుజ్జి. ఆడో మగో ఇంకా తేల్చలేదు.

జనవరి 8
బుజ్జికి జ్వరం. మొన్న వీడికి సూది వేయించేటప్పుడు ఇద్దరం గట్టిగా పట్టుకోవాల్సొచ్చింది. ఇవాళ వీడే డాక్టరు, చీపురుపుల్లే సూది. "అయిపోయింది నాన్నా, చీమ కుట్టినట్టే!" అచ్చం ఆ కాంపౌండరు మాటే, ఆ సాగదీతతో సహా. వరసగా పదకొండు సూదులు పొడిచాడు, లెక్కపెట్టాను. పదకొండోది అయ్యాక అక్కడ ఉఫ్ ఉఫ్ అని ఊది, నా రుమాలు కప్పాడు.

ఈ ఇంట్లో వాడు ఎప్పుడూ తినిపించుకునేవాడు, పొడిపించుకునేవాడు, కసుర్లు తినేవాడు. తానే చేసేవాడు కావడానికి ఆ గుడ్డబొమ్మ దగ్గర తప్ప ఇంకెక్కడా చోటులేదు.

జనవరి 10
"మగపిల్లాడికి బొమ్మేంటమ్మా?" అన్నాడు మా అబ్బాయి. "నువ్వు దిండుకి నీ నిక్కరు తొడిగి జోకొట్టేవాడివిరా" అన్నాను. కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

అంతటితో ఊరుకోక 2020లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంవాళ్ళు చేసిన పరిశోధన సంగతి చెప్పాను. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు 33 మంది. ఎదుటివాళ్ళ మనసు గ్రహించేటప్పుడు పనిచేసే మెదడు భాగం, బొమ్మతో ఒంటరిగా ఆడుకుంటున్నా పనిచేసిందట. టాబ్లెట్‌లో ఆట ఒంటరిగా ఆడినప్పుడు అంత లేదు. "ఖర్చు పెట్టుకున్నది బార్బీ బొమ్మల కంపెనీయేగా" అని మావాడు పట్టేశాడు. నిజమే. బెల్లం తీపని బెల్లం కొట్టువాడు చెప్పినట్టే ఉంది. 33 మందీ పెద్ద లెక్కేం కాదు. అయినా ఆ ఉఫ్ ఉఫ్ నేను కళ్ళారా చూశాను.

జనవరి 13, భోగి
సాయంత్రం వాడికి భోగిపళ్ళు పోశాం. రేగిపళ్ళు, చెరకుముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిరేకులు, రూపాయి బిళ్ళలు. పేరంటాళ్ళు వెళ్ళాక చూస్తే పీటమీద బుజ్జి. వాడు నేలమీది రేగిపళ్ళు ఏరుకొచ్చి మూడుసార్లు దిగదుడిచి నెత్తిన పోశాడు. "దిష్టి పోయింది, ఇంక ఏడవకు." ఒక పండు మాత్రం మధ్యలో నోట్లో వేసుకున్నాడు.

జనవరి 15, కనుమ
మా చిన్నప్పటి బొమ్మల పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. లక్కపిడతల్లో అటుకులూ బెల్లమూ కలిపి విందు. మగపెళ్ళివారంటే అలగాల్సిందే, కట్నం దగ్గర పేచీ పెట్టి బొమ్మని లాక్కుపోయిన రోజులూ ఉన్నాయి. మాకెవరు నేర్పారు? పెద్దవాళ్ళ పెళ్ళిళ్ళలో చాపమీద కూర్చుని అన్నీ చూసేవాళ్ళం.

జనవరి 18
బుజ్జి నిద్రపోతుంటే కోడలు వచ్చి, "బుజ్జి చొక్కా ఏం రంగు? ఇంగ్లీషులో చెప్పు" అంది. చెప్పాడు. చెప్పి, బొమ్మని అక్కడే వదిలేసి లేచిపోయాడు.

జనవరి 21
"తింటావా, పోలీసుకి పట్టించనా?"

వరండాలోంచి వినపడింది. గొంతు వాడిదే, మాట నాది. వేలు చూపించడం కూడా నాలాగే. బుజ్జి తినలేదు. కాసేపు చూసి, "పోనీలే, పెరుగన్నం పెడతా" అన్నాడు. ఆ మాట మాత్రం నాది కాదు. మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు పోలీసు ఊసెత్తలేదు నేను.

జనవరి 26, ఆదివారం
టీవీలో ఢిల్లీ కవాతు. మన శకటం ఏటికొప్పాక బొమ్మలు. అంకుడు కర్రని తరిణె పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. కోసు అంచుల్లేవు, గుండ్రని నునుపు. పిల్లల చేతికి అలాంటివే కావాలి. వాడు బుజ్జిని భుజానికెత్తుకుని చూపించాడు.

చూస్తే బుజ్జికి ఒక కన్ను లేదు. గుండీ మంచం కింద దొరికింది కాబట్టి సరిపోయింది. ఈ వయసువాళ్ళు ఏం దొరికినా నోట్లో పెట్టుకుంటారని తెలిసీ కుట్టాను, తప్పు నాదే. రెండో గుండీ కూడా పీకేసి నల్లదారంతో కళ్ళు కుట్టాను. కుడుతున్నంతసేపూ వాడు బుజ్జి చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

పండగైన పది రోజులకి కొలువు తీశాం. బొమ్మలన్నీ పేపర్లలో చుట్టి అటకెక్కించాం. బుజ్జి కిందే ఉంది.