రామగిరి గుట్ట కింద మా వనభోజనం

జనవరి 26 దగ్గర పడుతున్నదంటే చాలు, గోదావరిఖనిలో మా సంఘపు స్త్రీల మైత్రి కూడికలో పాట, వాక్యము, ప్రార్థన అయ్యాక ఒకటే మాట. ఈసారి రామగిరికి ఏమేమి పట్టుకుపోదాం? మాంసం కూర, బగారా అన్నం గురించి చర్చ ఉండదు. అవి అక్కడే మూడు రాళ్ల పొయ్యి మీద పురుషులు వండుతారు. ఉప్పు ఎక్కువైనా ఆ రోజుకు మనమేమీ అనకూడదు. చర్చంతా పక్కన వడ్డించే వాటి గురించే.

ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ దాటి, సింగరేణి శతాబ్ది పేరు మోస్తున్న సెంటినరీ కాలనీ మీదుగా బేగంపేట వైపు పోవాలి. దారిలో ఓపెన్‌కాస్టు గనుల నుండి తీసి పోసిన మట్టి దిబ్బలు కనిపిస్తాయి. ప్రతి ఏడూ చిన్నపిల్లల్లో ఎవరో ఒకరు "రామగిరి అదేనా?" అని అడుగుతారు. అవి మనుషులు పోసిన గుట్టలు, దేవుడు నిలిపిన గుట్ట ఇంకా ముందున్నది అని సండేస్కూలు అక్క చెబుతుంది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 నుండి పెద్దపల్లి జిల్లాలో ఉన్నది, మండలానికి కూడా రామగిరి పేరే పెట్టారు. గుట్ట మీద పాత ఖిల్లా ఉంది. గోడలు, బురుజులు కూలినవి కూలగా మిగిలినవి నిలిచి ఉన్నాయి. ఇక్కడ దొరికే మూలికల కోసం వైద్యం తెలిసినవారు వెదుక్కుంటూ వస్తారు. కాళిదాసు మేఘసందేశంలోని రామగిరి ఇదేనని ఇక్కడివారు మురిసిపోతారు గానీ, పండితులు ఎక్కువమంది నాగపూర్ దగ్గరి రామ్‌టెక్‌ను చూపిస్తారు. మేము ఆ తగవులోకి పోము. కాళ్లలో సత్తువ ఉన్నవారు పైకి ఎక్కుతారు, మిగిలినవారం కింద చెట్లనీడ చూసుకొని చాపలు పరుస్తాము.

గని ప్రాంతంలో సెలవు అందరికీ ఒకే గంటకు రాదు. బొగ్గు తీయడం ఆపినా నీటి పంపులు ఆపరాదు, లోపలికి గాలి పంపే ఫ్యాను ఆపరాదు. కాబట్టి పండుగనాడు కూడా కొందరికి డ్యూటీ పడుతుంది. రాత్రి షిఫ్టు చేసినవారు ఉదయం ఏడింటికి పైకి వచ్చి, స్నానం చేసి, ఒక కునుకు తీసి మధ్యాహ్నానికి చేరుకుంటారు. మొదటి షిఫ్టువారు మూడింటికి బయటపడి మా దగ్గరికి వచ్చేసరికి నాలుగు దాటుతుంది.

కొన్నేళ్ల క్రిందట మేము ఈ లెక్క మరచిపోయాము. అప్పుడు డబ్బాలు ఎన్నో! గారెలు, సకినాలు, గుడ్లు, వంకాయ కూర, పెరుగు పచ్చడి. ఒంటిగంటకు ప్రార్థన చేసి అందరమూ కూర్చున్నాము, రుచిగా ఉన్నాయని మళ్లీ మళ్లీ వడ్డించుకున్నాము. నాలుగు దాటాక మొదటి షిఫ్టు నుండి ఒక అన్న వచ్చాడు. తలకు టోపీ ఒత్తిన గీత ఇంకా ఉన్నది, కనురెప్పల అంచున బొగ్గు పోలేదు. గిన్నెలో అడుగంటిన అన్నం, కొంచెం టమాట తొక్కు తప్ప ఏమీ మిగలలేదు. "నాకు తొక్కు చాలు వదినా" అని నవ్వుతూ తిన్నాడు. ఆయన భార్య తెల్లవారుజామున లేచి చేసిన సర్వపిండిలో ఆయనకు ముక్క దక్కలేదు. ఆమె అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకోవడం మేమందరమూ చూశాము. తిరుగు ప్రయాణంలో ఎవరమూ పాట ఎత్తలేదు.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో పౌలు గద్దించినది ఇదే గదా. అక్కడ ముందు వచ్చినవారు కడుపునిండా తిన్నారు, కొందరు ఆకలితో మిగిలారు. ఎన్నోసార్లు ప్రభువు బల్లకు ముందు విన్న అధ్యాయమే. మా టిఫిన్ డబ్బాల గురించి కూడా అని తోచలేదు.

మరుసటి ఏడు నుండి పట్టికను చివరినుండి వ్రాస్తున్నాము. ఎవరు ఆఖరున వస్తారు, ఎందరు? వారికి ప్రార్థనకు ముందే వేరుగా తీసి మూతపెట్టాలి. నాలుగింటి వరకు చెడనివి ఏవి? అలా చూసేసరికి కొబ్బరి పచ్చడి మొదట పోయింది. వంకాయ కూర నిలుస్తుంది గానీ దానికంటే సర్వపిండి మేలు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం కలిపి గంజుకు ఒత్తి కాల్చినది చల్లారినా రుచి తగ్గదు. చింతకాయ తొక్కు ఎప్పుడూ ఉండవలసిందే. గుడ్లు ఉడకబెట్టి పెంకుతోనే తేవాలి. ఉల్లిగడ్డలు అక్కడే కోయాలి, ఇంటి దగ్గర కోసి డబ్బాలో పెడితే దారంతా వాసన. చల్ల మిరపకాయలు వేడి తగ్గకుండా మూతపెడితే మెత్తబడతాయి. సంక్రాంతి సకినాలు ఎవరింట్లోనైనా డబ్బా అడుగున ఇంకా ఉంటాయి, దాచకండి. పచ్చిపులుసు అయితే మరీ సులువు. చిక్కని చింతపండు రసం ఒక సీసాలో, నువ్వుల పొడి ఒక పొట్లంలో తెచ్చి, తినేవారు వచ్చాక నీళ్లు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కలుపుకోవచ్చు. పొయ్యి రాజేయనక్కరలేదు.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలిసింది. కాంట్రాక్టు పనివారి ఇంటి సహోదరి ఒకామె రెండేళ్లుగా వనభోజనానికి రావడం లేదు. అమ్మగారు, మేము వెళ్లి అడిగితే, "అందరు పెద్ద పెద్ద డబ్బాలు తెస్తరు, నేనేం తేవాలె అమ్మా" అన్నది. అందుకని ఇప్పుడు పట్టికలో ఉప్పు, నిమ్మకాయలు, విస్తర్లు కూడా ఉంటాయి. వడ్డించేటప్పుడు ఏది ఎవరింటిదో చెప్పకూడదని నియమం పెట్టుకున్నాము. (రుచి చూసి కనిపెట్టేవారిని ఏ నియమమూ ఆపలేదు.) ఆ సహోదరికి మోదుగ ఆకులతో విస్తరి కుట్టడం తెలుసు. మాలో ఎవరికీ రాదు. ఆమె దగ్గర కూర్చొని నేర్చుకోబోయి మేము కుట్టిన విస్తర్లలో నుండి పులుసు కారిపోయింది, ఆమె అంతగా నవ్వగా మేమెప్పుడూ చూడలేదు.

కోతుల భయం ఉంటుంది కాబట్టి మూతపెట్టిన గిన్నెల దగ్గర ఒకరు కర్రతో కూర్చోవాలి. లేచేముందు పొయ్యిలో నీళ్లు పోసి, నిప్పు పూర్తిగా ఆరిందో లేదో చూడాలి. ఆ నెలలో కింద అంతా ఎండుటాకే.

ఈ జనవరిలో పెరుగు మోసే బరువు తప్పించాలని, తెల్లవారుజామున గోరువెచ్చని పాలలో తోడు వేసి క్యాను మూత బిగించాము. దారిలో తోడుకుంటుందన్నది ఒక పెద్దమ్మ సలహా. చలి ఎక్కువ, బండి కుదుపూ ఎక్కువ. నాలుగున్నరకు మూత తీసేసరికి అది పాలూ కాదు, పెరుగూ కాదు. మొదటి షిఫ్టు నుండి ఈసారి ముగ్గురు వచ్చారు. వారికని దాచిన సర్వపిండి, మాంసం కూర, అప్పుడే కలిపిన పచ్చిపులుసు విస్తర్లలో పెట్టి, క్యాను మాత్రం వెనక్కి జరిపాము. తొక్కుతో తిన్న ఆ అన్నే దాన్ని చూశాడు. "అదేంది, నాకు దాచి పెట్టిన్రా?" అంటూ తీసుకొని అన్నంలో పోసుకున్నాడు.