కాళహస్తిలో ఆ రాత్రి మేము యాడ పడుకున్నాం



మేము తోటపల్లి గూడూరు యానాది పిల్లకాయలం. నలుగురం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. లాడ్జిలో దిగడమూ మొదటిసారే.

నెల్లూరు నుంచి నాయుడుపేట మీదుగా బస్సులో శ్రీకాళహస్తి చేరేసరికి చీకటి పడింది. పొద్దున్నే దర్శనానికి నడిచిపోవచ్చని గుడి దగ్గర లాడ్జికే పోయినాం. కౌంటర్లో ఆయన ఆధార్ కార్డులు చూసి "మీరెవుర్రా?" అన్నాడు. యానాదులమన్నాం. రూముల్లేవన్నాడు. మా వెనకొచ్చినోళ్లకి మా కళ్లముందే తాళంచెవి ఇచ్చాడు. మేము నోరు మెదపలేదు.

బయటికొచ్చాక మాలో ఒకడు "ఈసారి వేరే కులం చెప్తాంరా" అన్నాడు. ఔననలేదు, కాదనలేదు ఎవరం. బస్టాండు దగ్గర ఇంకోచోట అడిగాం. అక్కడ ఒకమ్మ "ముందు గది చూసుకోండి నాయనా, నచ్చితేనే డబ్బులు కట్టండి" అంది. కులం అడగలేదు. గుడికి దూరమైనా అక్కడే దిగాం.

పొద్దున్నే కన్నప్ప కొండెక్కాం. కన్నప్ప వేటగాడు, మన తాతల్లాగే అడివిలో తిరిగినోడు. శివరాత్రి బ్రహ్మోత్సవాలకి మొదటి ధ్వజారోహణం ఆయన కొండ మీదే. 2010లో కూలి మళ్లీ లేచిన రాజగోపురం కింద కనిపిస్తా ఉంది. దాని పక్కనే మమ్మల్ని పొమ్మన్న వీధి.

గది తీసుకునేటప్పుడు అద్దె, నీళ్లు, గుడికి దూరం అడగండి. కులం మాత్రం దాచొద్దు. కులం చూసి పొమ్మంటే 1989 అట్రాసిటీ చట్టం ఉందని చెప్పండి. ఆ రాత్రి మాకు ఆ మాట నోటికి రాలేదు. మీకు రావాలనే ఇది రాస్తున్నాం.